శుభలేఖలో అందరి కళ్ళూ దాటిపోయేవి

"కళ్ళెదురుగా ఉన్నా ఎవరూ గమనించనిది మీకేదైనా తారసపడిందా? దృష్టిభ్రమ అసలెందుకు కలుగుతుంది?" అని అడిగారు. నా జవాబు మీ ఇంట్లో ఏ అలమరాలోనో ఉండే ఉంటుంది: పెళ్ళి శుభలేఖ. ఏళ్ళ తరబడి ప్రెస్సులో ప్రూఫులు, అంటే అచ్చుకు ముందు తీసే నమూనా ప్రతులు, దిద్దే పనిలో ఉన్నాను. కన్ను ఎలా పనిచేస్తుందో నాకు శుభలేఖ నేర్పినంతగా మరేదీ నేర్పలేదు.

ముందు ఆ పైనున్న శ్లోకం సంగతి. చాలా కార్డుల మీద "జానక్యాః" అని మొదలయ్యే శ్లోకం వేస్తారు. అందరూ చూస్తారు, చదివేవాళ్ళు అరుదు. అందులో ఉన్నది సీతారాముల పెళ్ళిలో తలంబ్రాలుగా పోసిన ముత్యాల ముచ్చట. సీతమ్మ దోసిట్లో ఉన్నంతసేపు అవి కెంపుల్లా ఎర్రగా ఉన్నాయట. రాముడి తల మీద పడగానే మొల్లపూలలా తెల్లగా మెరిశాయట. అక్కణ్ణుంచి ఆయన నల్లని ఒంటి మీదుగా జారుతుంటే ఇంద్రనీలాల్లా కనిపించాయట. ముత్యాలు మాత్రం అవే. పక్కనున్న రంగును బట్టి వస్తువు రంగు మారినట్టు కనిపించడం గురించి ఇంత అందంగా చెప్పిన పద్యం మన ఇళ్ళలో కట్టలు కట్టలుగా పంచుతున్నాం, ఎవరికీ తెలియకుండానే. నాకిది నిజంగా బాధగా ఉంటుంది. అందుకే కార్డు వేయించుకోవడానికి వచ్చినవాళ్ళకు వీలైనప్పుడల్లా అర్థం చెబుతుంటాను. వాళ్ళు మళ్ళీ ఒకసారి కార్డు చేతిలోకి తీసుకుని చూస్తారు.

ఇదే విషయాన్ని 1995లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ ఎడెల్సన్ అనే శాస్త్రవేత్త ఒక బొమ్మతో చూపించాడు. నలుపు తెలుపు గళ్ళ పలక, దాని మీద ఒక ఆకుపచ్చ స్తంభం, ఆ స్తంభం నీడ. నీడ బయట ఉన్న 'ఎ' గడి ముదురుగా, నీడలో ఉన్న 'బి' గడి లేతగా కనిపిస్తాయి. రెండూ అచ్చంగా ఒకే బూడిద రంగు. ఒక కాగితంలో రెండు చిల్లులు చేసి ఆ గళ్ళ మీద పెట్టి చూడండి, తేడా మాయమవుతుంది. కాగితం తీస్తే మళ్ళీ వచ్చేస్తుంది! నిజం తెలిసినా కన్ను ఒప్పుకోదు. నీడలో ఉన్న వస్తువు అసలు రంగు ఇంతకన్నా లేతగా ఉండాలని మెదడు లెక్క కట్టేస్తుంది, చుట్టూ ఉన్న ముదురు గళ్ళు ఆ లెక్కను బలపరుస్తాయి. ఒక్క తేడా ఉంది. సీతమ్మ అరచేతి ఎరుపు ముత్యం మీద నిజంగానే ప్రతిఫలిస్తుంది, అది వెలుగు చేసే పని. ఎడెల్సన్ బొమ్మలో గడి మీద ఏమీ మారదు, మార్పంతా మన తలలోనే.

ఇక రెండో రకం భ్రమ, మా పనికి అసలైన టెన్షన్ ఇదే. లేనిది కనిపించడం కాదు, ఉన్నది కనిపించకపోవడం.

ప్రూఫు ఇచ్చినప్పుడు పెళ్ళివారు ఎలా చూస్తారో గమనించండి. పెళ్ళికూతురి తండ్రి ఇంటిపేర్లు, బంధువుల పేర్ల వరస చూస్తాడు. అన్నయ్య తన పేరు పక్కన డిగ్రీ పడిందా లేదా చూసుకుంటాడు. పురోహితుడు గారు లగ్నం, నక్షత్రం చూస్తారు. అందరూ బాగానే చూస్తారు. అందరికన్నా పెద్ద అక్షరాల్లో, బంగారు రంగులో ఉన్న "ఆహ్వానం" మాత్రం ఎవరి వంతూ కాదు. అది "ఆహ్హానం" అయి కూర్చుంటుంది. హ కింద ఉండాల్సిన వ వత్తు స్థానంలో హ వత్తు. ఇలా అచ్చయిన కార్డులు, ఫ్లెక్సీలు మీరూ చూసే ఉంటారు, చూసి చదివేసి ఉంటారు. "బంధుమిత్రుల"లో ధ కింద గీత ఎగిరిపోయి "బందుమిత్రుల" అవడం కూడా ఇలాంటిదే. అంతకన్నా ప్రమాదం "కీ.శే." పాత కార్డు ఫైలు మీదే కొత్త పేర్లు మార్చి కొట్టేటప్పుడు ఆ రెండు అక్షరాలు అక్కడే ఉండిపోతే, నిక్షేపంగా ఉన్న తాతగారి పేరు ముందు అవి పడతాయి. ఇలాంటిది ఆఖరి నిమిషంలో పట్టుకున్నప్పుడు ఆ ఇంటివాళ్ళ ముఖాలు చూడాలి.

ఇది చదువుకోనివాళ్ళ సమస్య అనుకోకండి. 1999లో డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ చాబ్రిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో బంతి ఎన్నిసార్లు చేతులు మారిందో లెక్కపెట్టమంటే, మధ్యలోంచి గొరిల్లా వేషంలో నడిచి వెళ్ళిన మనిషిని దాదాపు సగం మంది చూడలేదు. 2013లో వచ్చిన మరో అధ్యయనంలో ఊపిరితిత్తుల స్కాన్‌లో గడ్డలు వెతకమని 24 మంది రేడియాలజిస్టులకు, అంటే స్కాన్‌లు చూసి రోగం చెప్పే డాక్టర్లకు, ఇచ్చారు. అందులో మామూలు గడ్డకన్నా 48 రెట్లు పెద్ద గొరిల్లా బొమ్మను ఇరికించారు. 20 మందికి అది కనిపించలేదు. వాళ్ళలో చాలామంది చూపు సరిగ్గా దాని మీదే ఆగిందని కంటి కదలికల రికార్డులో తేలింది. ఏం వెతుకుతున్నామో అదే దొరుకుతుంది, మిగతాది చూపు తగిలినా మనసుకు ఎక్కదు.

తప్పే లేకుండా మోసం చేసేది ముహూర్తం వరస. "శనివారం రాత్రి 2.40 గంటలకు (తెల్లవారితే ఆదివారం)" అని ఉంటుంది. పంచాంగం లెక్కలో వారం సూర్యోదయంతో మారుతుంది, మన ఫోన్లో అర్ధరాత్రికే మారుతుంది. బ్రాకెట్‌లో ఉన్న ఆదివారం మాత్రమే కంటికి తగిలినవాళ్ళు ఆదివారం రాత్రికి టికెట్ బుక్ చేసుకుంటారు. వాళ్ళు వచ్చేసరికి మంటపం ఖాళీ. దూరం నుంచి వచ్చే చుట్టాలకు "శనివారం సాయంత్రానికల్లా వచ్చేయండి" అని ఫోన్లో విడిగా చెప్పమంటాను.

మీ ఇంట్లో పెళ్ళుంటే ప్రూఫు ఇలా చూడండి. స్కేలు పెట్టి ఒక్క వరస మాత్రమే కనిపించేలా, కింది నుంచి పైకి చదవండి. అలా చేస్తే తర్వాతి మాట ముందే ఊహించుకునే వీలుండదు. తారీఖునూ వారాన్నీ క్యాలెండర్ పక్కన పెట్టుకునే సరిచూడండి. చివరగా, ఇంట్లో ఇంకా కూడబలుక్కుని చదివే పిల్లలుంటే కార్డు వాళ్ళ చేతికిచ్చి పైకి చదవమనండి. మనం మాటను మొత్తంగా మింగేస్తాం, వాళ్ళు హ దగ్గర ఆగి దాని కింద ఏ వత్తు ఉందో చూస్తారు.