కిడ్నీ వార్డులో మరణాలు ఎక్కువంటే వైద్యం బాగాలేనట్టేనా?

కాదు, కంటి వార్డుతో పోలిస్తే కిడ్నీ వార్డులో మరణాల శాతం ఎక్కువున్నంత మాత్రాన అక్కడ వైద్యం బాగాలేదని చెప్పలేం. వచ్చే రోగుల పరిస్థితే వేరు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి వైపు, కిడ్నీ జబ్బు చాలామందిలో ముదిరేదాకా బయటపడదు. కాళ్లు వాచి, ఆయాసంతో ఆసుపత్రికి చేరేసరికి రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, బాగా పెరిగిపోయి ఉంటుంది. అదే శుక్లాల ఆపరేషన్‌కైతే చూడాల్సింది చూపు ఎంత మెరుగైందన్నది. అందుకే పరిశోధకులు వయసు, షుగర్, బీపీ, జబ్బు దశ లెక్కలోకి తీసుకునే పోలుస్తారు.

మరణాలు తక్కువున్న ఆసుపత్రే మంచిదనుకోవడం చాలామంది పొరపాటు. సీరియస్ కేసుల్ని విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి పంపేస్తే పంపినచోట లెక్క తగ్గుతుంది, చేర్చుకున్నచోట పెరుగుతుంది.