మెనూలో వత్తులు తెగుతుంటే ఫాంటు మార్చాలా?

మీ కథల సైటులో అక్షరాలు ఇరుకుగా ఉన్నాయి, మెనూలో వత్తులు తెగుతున్నాయి, ఏ ఫాంటుకు మారాలి అని అడిగారు. ఫాంటు జోలికి వెళ్లే ముందు అక్షరానికి చోటు ఉందో లేదో చూడండి.

మూడేళ్ల కిందట మా నాన్నగారి వ్యాసాలకు సైటు కట్టినప్పుడు నాకూ ఇదే టెన్షన్. నాలుగు ఫాంట్లు మార్చినా మెనూలో ‘పుస్తకాలు’ కాస్తా ‘పుసకాలు’గానే కనిపించేది. తీరా చూస్తే ఆ సైటు టెంప్లేటు (ముందే తయారుచేసి ఉంచిన నమూనా) ఇంగ్లిష్ కోసం చేసినది. మెనూ పట్టీకి ఇంతే ఎత్తు అని బిగించి, అది దాటినదాన్ని దాచేసేలా రాశారు. పాపం తవత్తు అక్కడే పోయింది. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి, ‘స్త్రీ’లో అయితే రెండు వత్తులు. పట్టీ ఎత్తు తీసేసి, పైనా కిందా ప్యాడింగ్ (ఖాళీ చోటు) ఇచ్చాను. వ్యాసాల్లో లైన్ హైట్ (ఒక్కో వరుసకు ఇచ్చే ఎత్తు) 1.5 నుంచి 1.8కి, అక్షరం 19 పిక్సెళ్లకు పెంచాను. ఆ రోజు నాన్నగారు ఫోన్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకోకుండానే చదివారు. నాకు ఎంత సంతోషమైందో!

ఫాంటు విషయానికొస్తే, నేను ‘మండలి’ అనే ఫాంటు వాడుతున్నాను. ఉచితమే. కానీ అందులో ఒకే మందం ఉంది. బోల్డ్ పెడితే బ్రౌజరే గీతల్ని లావు చేస్తుంది, వత్తుల్లో సందులు పూడిపోతాయి. అందుకే శీర్షికలకు ‘రామభద్ర’ అనే ఫాంటు పెట్టాను. రకరకాల మందాలు కావాలంటే నోటో శాన్స్ తెలుగు మంచిది. ఇటాలిక్ (వాలు అక్షరాలు), లెటర్ స్పేసింగ్ (అక్షరాల మధ్య అదనపు ఎడం) రెండూ వద్దు. లింకు కింది గీత వత్తులకు అడ్డం వస్తుంది, దాన్ని కాస్త కిందికి దించండి.

మీ మెనూలో ఉన్న తొమ్మిది అంశాలు చాలా ఎక్కువండీ. నేను ‘రచనలు’, ‘పుస్తకాలు’, ‘నాన్నగారి గురించి’ మూడే ఉంచాను. ఫోన్‌లో వాటిని మూడు గీతల బొమ్మ వెనుక దాచలేదు. మొదట దాచినప్పుడు నాన్నగారి స్నేహితులు అక్కడ నొక్కాలని తెలియక మొదటి పేజీ చూసి వెళ్లిపోయేవారు.

మెనూ పేర్లు తెలుగులోనే పెట్టండి, పేజీ చిరునామా మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో ఉండనివ్వండి. తెలుగు చిరునామాను కాపీ చేస్తే చాలాసార్లు ‘క’ ఒక్కటే తొమ్మిది గుర్తులవుతుంది, వాట్సాప్‌లో పంపితే అదేదో వైరస్ లింకు అనుకుంటారు.

అన్నీ సరిచేశాక మెనూలో ఒకసారి ‘రాష్ట్రం’ అని రాసి, ఇంట్లో ఉన్న పాత ఫోన్‌లో తెరిచి, రెండు వత్తులూ పూర్తిగా కనిపిస్తున్నాయో లేదో చూడండి.