టెక్ సందేహాలు: రద్దీ అంచనాకు మన వివరాలు కావాలా?

ప్రశ్న: నెట్‌వర్క్ రద్దీని ముందుగా పసిగట్టడానికి మొబైల్ కంపెనీలు మెషీన్ లెర్నింగ్ వాడుతున్నాయని చదివాను. నేను చూసే వీడియోలు, తిరిగే చోట్లు వాటికి తెలిసిపోతాయా? అంతా ఎన్‌క్రిప్ట్ అయ్యే (ఇతరులు చదవలేని సంకేతాలుగా మారే) వెళ్తుంది కాబట్టి భయం లేదని స్నేహితులు అంటున్నారు.

జవాబు: రద్దీని అంచనా వేసే పనికి మీరెవరో తెలియనవసరం లేదు. ఒక్కో ప్రాంతంలో ఎంత డేటా వాడారన్న లెక్క చాలు. ఈ రంగంలో పరిశోధకులు తరచుగా వాడే ఒక డేటాలో టెలికాం ఇటాలియా సంస్థ మిలాన్ నగరాన్ని 10,000 గళ్లుగా విభజించి, 2013 నవంబరు, డిసెంబరు నెలల్లో ఏ గడిలో కాల్స్, మెసేజ్‌లు, ఇంటర్నెట్ వాడకం ఏ స్థాయిలో ఉన్నాయో పది నిమిషాలకొకసారి లెక్కగట్టి ఇచ్చింది. అందులో పేర్లూ లేవు, ఫోన్ నంబర్లూ లేవు. అయినా ఎల్‌ఎస్‌టీఎం (వరుసగా వచ్చే అంకెల్లోని పోకడను నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్) వంటి మోడళ్లు ఆ అంకెలతోనే శిక్షణ పొంది, కాసేపట్లో ఏ గడిలో రద్దీ పెరగబోతోందో చెప్పగలుగుతున్నాయి.

మీ స్నేహితుల మాట మాత్రం సగమే నిజం. ఎన్‌క్రిప్షన్ విషయాన్ని దాస్తుంది గానీ, ప్యాకెట్ల (డేటా ప్రయాణించే చిన్న మూటల) పరిమాణాన్నీ అవి వెళ్లిన సమయాన్నీ దాచలేదు. ఆన్‌లైన్ వీడియో కొన్ని సెకన్ల ముక్కలుగా వస్తుంది. దృశ్యాన్ని బట్టి ఒక్కో ముక్క పరిమాణం మారుతుంది కాబట్టి, ఆ హెచ్చుతగ్గుల వరుసే ఆ వీడియోకు వేలిముద్ర అవుతుంది. ఎన్‌క్రిప్షన్‌ను ఛేదించకుండానే ఏ వీడియో నడుస్తోందో గుర్తించవచ్చని పరిశోధకులు 2017లోనే నిరూపించారు. వీపీఎన్ (మన డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి మరో సర్వర్ మీదుగా పంపే సేవ) వాడితే మీరు ఏ సైటుకు వెళ్తున్నారన్నది మొబైల్ కంపెనీకి కనబడదు. కానీ ఏ టవర్ కింద ఉన్నారో, ఎంత వాడారో కనబడుతూనే ఉంటుంది, పైగా మీ నమ్మకమంతా వీపీఎన్ నడిపేవారి మీదికి మారుతుంది.

స్థల వివరాల సంగతి ఇంకా సున్నితమైనది. 15 లక్షల మంది మొబైల్ రికార్డులను పరిశీలించిన 2013 నాటి అధ్యయనంలో, ఒక మనిషి ఏ సమయంలో ఎక్కడ ఉన్నాడో తెలిపే నాలుగు ఆనవాళ్లు ఉంటే చాలు, నూటికి 95 మందిని మిగతావారి నుంచి విడదీయవచ్చని తేలింది. పేర్లు తీసేసి మొత్తాలు మాత్రమే ఇచ్చినా సరిపోదు. రాత్రి మనుషులు పెద్దగా కదలరు, పగటి ప్రయాణాలు రోజూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఈ రెండు అలవాట్లను ఆధారం చేసుకొని, ఒక్కో టవర్ కింద ఎందరున్నారన్న అంకెల నుంచే వ్యక్తుల దారులను 73 నుంచి 91 శాతం కచ్చితత్వంతో తిరిగి అల్లినట్టు 2017లో మరో బృందం చూపింది. అందుకే లెక్కలో పేర్లు లేవన్న హామీ నాకు చాలదు. ఆ లెక్కను ఎలా కట్టారు, ఎంతకాలం దాచారు అన్నదే అడగవలసిన ప్రశ్న.

ప్రశ్న: రద్దీ అంచనా మీద నా ప్రాజెక్టులో ఫెడరేటెడ్ లెర్నింగ్ (డేటాను ఒకచోట చేర్చకుండా, అది ఉన్నచోటే మోడల్‌కు శిక్షణ ఇచ్చే పద్ధతి) వాడాను. డేటా టవర్ దాటి బయటికి పోదు కనుక గోప్యతకు ఢోకా లేదని రాయవచ్చా?

జవాబు: అలా రాయవద్దు. డేటా కదలకపోయినా, మోడల్‌ను ఎటు, ఎంత సవరించాలో చెప్పే అంకెలైన గ్రేడియెంట్లు సర్వర్‌కు వెళ్తాయి; చిత్రాలను గుర్తించే మోడళ్లలో, వాటి నుంచే శిక్షణలో వాడిన చిత్రాలను తిరిగి రాబట్టవచ్చని 2019లో రుజువైంది. వేర్వేరు టవర్ల సవరణలు విడివిడిగా కనబడకుండా కలిపేసే సెక్యూర్ అగ్రిగేషన్‌ను, 2006లో రూపుదిద్దుకున్న డిఫరెన్షియల్ ప్రైవసీని కూడా చేర్చండి. రెండవది, ఒక్క మనిషి ఆ లెక్కలో ఉన్నాడో లేడో పసిగట్టలేకుండా, లెక్కకు కొలిచిన మేరకు యాదృచ్ఛిక శబ్దాన్ని, అంటే అంకెల్లో కావాలని చేసే కొద్దిపాటి హెచ్చుతగ్గును, కలుపుతుంది. వేలమంది ఉన్న గడిలో ఆ శబ్దం తెలియనే తెలియదు, ముగ్గురే ఉన్న గడిలో మాత్రం అసలు అంకె మునిగిపోతుంది. దాన్ని లోపంగా చూడకండి, రక్షణ అత్యవసరమైనది ఆ ముగ్గురికే. ఒకే మనిషి రోజంతా అనేక గళ్లలో, అనేక సమయాల్లో లెక్కలోకి వస్తాడు కనుక, శబ్దాన్ని ఒక్క నమోదుకు కాక ఆ మనిషి మొత్తం జాడకు సరిపోయేలా కొలవాలి. చాలా ప్రాజెక్టులు తడబడేది ఇక్కడే.

ఫలితాలు చూపేటప్పుడు సగటు పొరపాటుతో ఆగకుండా, జనం పలచగా ఉన్న గళ్ల పొరపాటును వేరుగా ఇవ్వండి. గత వారం ఇదే సమయానికి నమోదైన అంకెనే అంచనాగా తీసుకుంటే ఎంత తేడా వస్తుందో కూడా పక్కన చూపండి. శబ్దం కలిపిన మీ మోడల్ ఆ సాదా అంచనాను దాటకపోతే, దాని కోసం అంత డేటా సేకరించవలసిన అవసరమే లేదు.