రెండో ఎస్‌ఎస్‌డీలో ఉబుంటు వేసేటప్పుడు విండోస్ డిస్క్ విప్పాలా?

విండోస్ ఒక ఎస్‌ఎస్‌డీలో ఉంది, కొత్త ఎస్‌ఎస్‌డీలో ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) వేయాలి, పాత డిస్క్ తీసి పక్కన పెట్టాలా అని ఒకరు అడిగారు. తీసేయండి. ఐదు నిమిషాల పని.

ఎందుకంటే, యూఈఎఫ్‌ఐలో (కంప్యూటర్ ఆన్ కాగానే ముందు నడిచే ప్రోగ్రామ్, దీన్నే బయోస్ అని కూడా అంటాం) బూట్‌లోడర్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌ని లేపే ప్రోగ్రామ్, ఉండేది ఈఎస్‌పీ అనే చిన్న ఫ్యాట్32 పార్టిషన్‌లో (డిస్క్‌లో ఒక భాగం). విండోస్ డిస్క్‌లో అది ముందే ఉంటుంది, మామూలుగా 100 ఎంబీ. ఉబుంటు పాత ఇన్‌స్టాలర్‌కి ఏళ్ల తరబడి ఒక జబ్బు ఉంది: బూట్‌లోడర్ కోసం రెండో డిస్క్‌ని ఎంచుకున్నా, గ్రబ్‌ని (ఉబుంటు బూట్‌లోడర్) తీసుకెళ్లి మొదట కనబడ్డ ఈఎస్‌పీలో పెట్టేస్తుంది. ఆ రోజు రెండూ బాగానే లేస్తాయి కాబట్టి ఎవరికీ తెలియదు. ఎప్పుడో విండోస్ డిస్క్‌ని ఫార్మాట్ చేసినప్పుడు ఉబుంటు కూడా లేవడం మానేస్తుంది. పాత డిస్క్ కంటికి కనబడకపోతే ఇన్‌స్టాలర్ కొత్త డిస్క్‌లోనే ఈఎస్‌పీ చేసుకుంటుంది. రెండూ 1 టీబీవే అయితే పొరపాటున విండోస్‌ని చెరిపేసే భయమూ ఉండదు.

విప్పే ముందు విండోస్‌లో రెండు పనులు. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం, అంటే ఎన్‌క్రిప్షన్) 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. మీరు ఆన్ చేయకపోయినా విండోస్ 11లో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉండొచ్చు. ఫాస్ట్ స్టార్టప్ (విండోస్‌ని పూర్తిగా షట్‌డౌన్ కానివ్వని సెట్టింగ్) ఆఫ్ చేయండి, లేకపోతే ఉబుంటులో విండోస్ పార్టిషన్ రీడ్-ఓన్లీగానే తెరుచుకుంటుంది, లేదా అసలు తెరుచుకోదు.

తర్వాత పవర్ కేబుల్ పీకి, పవర్ బటన్‌ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. ఎం.2 (మదర్‌బోర్డుకే నేరుగా గుచ్చే ఎస్‌ఎస్‌డీ స్లాట్) స్క్రూ తీయగానే ఎస్‌ఎస్‌డీ ఏటవాలుగా పైకి లేస్తుంది, ఆ వాలులోనే లాగాలి. హీట్‌సింక్ ప్యాడ్ అంటుకుని ఉంటే మెల్లగా పక్కకి జరుపుతూ తీయండి. కొన్ని మదర్‌బోర్డుల్లో రెండో ఎం.2 స్లాట్ వాడితే ఒకటి రెండు సాటా పోర్టులు (కేబుల్‌తో తగిలించే డిస్కులవి) ఆగిపోతాయి, మాన్యువల్ చూసుకోండి.

పెన్‌డ్రైవ్ 16 జీబీ తీసుకోండి. ఉబుంటుని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే రూఫస్ అనే ప్రోగ్రామ్‌లో జీపీటీ (పార్టిషన్ పద్ధతి), యూఈఎఫ్‌ఐ ఎంచుకోండి. బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనబడితే, పేరుకి ముందు యూఈఎఫ్‌ఐ అని ఉన్నదే నొక్కాలి.

ఇన్‌స్టాలర్‌కి డిస్కే కనబడకపోతే బయోస్‌లో స్టోరేజ్ మోడ్ (డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) రెయిడ్ లేదా వీఎండీలో ఉండి ఉంటుంది. అక్కడికక్కడ ఏహెచ్‌సీఐకి (మామూలు పద్ధతి) మార్చేస్తే తర్వాత విండోస్ బ్లూ స్క్రీన్ ఇస్తుంది. ముందు విండోస్ డిస్క్ తిరిగి పెట్టి, విండోస్‌లో బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేసి (తాత్కాలికంగా ఆపి), ఎంఎస్‌కాన్ఫిగ్ అనే విండోస్ టూల్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్ అవుతుండగా బయోస్‌లో మార్చండి. ఒకసారి సేఫ్ మోడ్‌లోకి వెళ్లి టిక్ తీసేస్తే సరిపోతుంది. అక్కడ పిన్ పని చేయకపోవచ్చు, అసలు పాస్‌వర్డ్ గుర్తుండాలి.

డిస్క్ విప్పడం కుదరని ల్యాప్‌టాప్ అయితే, లైవ్ యూఎస్‌బీలో (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే ఉబుంటు) జీపార్టెడ్ అనే పార్టిషన్ టూల్ తెరిచి విండోస్ ఈఎస్‌పీకి ఉన్న బూట్, ఈఎస్‌పీ ఫ్లాగులు (గుర్తులు) తీసేసి ఇన్‌స్టాల్ చేయండి. అవ్వగానే తిరిగి పెట్టడం మరవద్దు.

ఉబుంటు ఒక్కటే ఉండగా ఒకసారి బూట్ చేసి చూశాకే విండోస్ డిస్క్ బిగించండి. ఇక ఏది కావాలంటే అది బయోస్ బూట్ మెనూ నుంచే ఎంచుకోండి, ఎఫ్12, ఎఫ్11, ఎఫ్8 లాంటి కీతో. విండోస్‌ని గ్రబ్ మెనూలో చేర్చమని నేను చెప్పను: ఆ దారిన వెళ్తే బిట్‌లాకర్ కీ అడగొచ్చు.

విండోస్ గడియారం గంటల తేడా చూపిస్తే కంగారు పడకండి. ఉబుంటు హార్డ్‌వేర్ క్లాక్‌ని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంచుతుంది, విండోస్ లోకల్ టైమ్ అనుకుంటుంది. ఉబుంటు టెర్మినల్‌లో timedatectl set-local-rtc 1 అని టైప్ చేయండి, రెండూ ఒకే టైమ్ చూపిస్తాయి.