చింతపండు మూట మళ్లీ కొండెక్కదు

ప్రశ్న: మాది గాజువాక. నేను ఒక ప్రైవేటు కంపెనీలో ఫిట్టర్‌ని. మా పాప బీయస్సీ కంప్యూటర్స్ ఆఖరి సంవత్సరం. కిందటేడు ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపుకని పాడేరు వైపు వెళ్లి వారం ఉండి వచ్చింది. అప్పట్నుంచీ పీజీలో జాగ్రఫీ చదువుతాను, పల్లెల్లో పేదరికం ఎందుకుందో తెలుసుకోవాలి అంటోంది. బ్యాంకు కోచింగ్‌కి డబ్బు కట్టేశాను. "అందులో చదవడానికేముంది, వాళ్లు కొండ దిగొచ్చి పని చేసుకోవచ్చుగా" అన్నాను. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. ఈ చదువుకి ఉద్యోగం ఉందా మేడమ్?

జవాబు: ఉద్యోగం సంగతి చెప్తానండీ. ముందు కొండ దిగి రావడం గురించి మాట్లాడుకుందాం. మీ పాపకి కష్టం కలిగింది ఆ మాటకే.

మొన్న మార్చిలో ఏజెన్సీలో ఒక సంతలో ఒకావిడ పక్కన చాలాసేపు కూర్చున్నాను. చీకటితోనే గూడెంలో బయల్దేరి, రెండు కొండలు దిగి, చింతపండు మూట నెత్తిన పెట్టుకుని వచ్చింది. గింజ తీసీ తీసీ గోళ్ల సందుల్లో గుజ్జు ఆరి నల్లబడిపోయింది. పొద్దున షావుకారు ఒక ధర చెప్పాడు, ఆవిడ ఒప్పుకోలేదు. మధ్యాహ్నం మూడు దాటాక అతనే వచ్చి అంతకంటే తక్కువ చెప్పాడు. ఇచ్చేసింది. ఎందుకిచ్చావమ్మా అని అడిగితే, "మళ్లీ మొయ్యాల గదమ్మా" అంది.

అంతేనండీ. ఆ మూట వెనక్కి కొండెక్కించాలంటే ఒంట్లో ఓపికంతా పోవాలి, మర్నాడు కూలికి వెళ్లడం కుదరదు. ఆ సంగతి షావుకారుకీ తెలుసు. అదే సరుకు రోడ్డు పక్క ఊళ్లో పండితే ఇంకో బేరం వచ్చేదాకా ఇంట్లో ఉంచుకునేది. కష్టం ఒకటే, సరుకూ ఒకటే. ఇల్లున్న చోటు వేరు.

వాన లేక పేదరికం అనుకుందామా? అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే కురుస్తుంది, అక్కడి కష్టం అది. పాడేరు, చింతపల్లి వైపు అంతకు రెట్టింపు పడుతుంది. కానీ వాలు నేల, పడ్డ నీళ్లు మట్టిని కోసుకుంటూ కిందికి పోతాయి. ఆ నీటితోనే మాచ్‌ఖండ్, సీలేరుల్లో కరెంటు తీస్తారు. కొండల మధ్య నుంచి పోయే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వేసింది 1960ల్లో, ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా ఇనుప ఖనిజం మన పోర్టుకి చేర్చడానికి. కొండని తొలిచి ఖనిజానికి దారి వేసిన దేశంలో పురిటి నొప్పులు పడుతున్న మనిషిని ఇంకా డోలీ కట్టి మోస్తున్నారు. ఆ వార్తలు మీరూ చదివే ఉంటారు. నాకు ఇప్పటికీ చదివిన ప్రతిసారీ గుండె పిండేసినట్టు ఉంటుంది.

ఇది మన ఒక్క చోటి సంగతి కాదు. 1985–90 మధ్య దక్షిణ చైనా పల్లెల్లోని కుటుంబాల లెక్కల్ని జలాన్, రావల్లియన్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించారు. ఒకేలాంటి రెండు కుటుంబాల్లో వెనకబడ్డ ప్రాంతంలో ఉన్నది, తను పెట్టిన పెట్టుబడికి కూడా తక్కువ ఫలితం పొందుతుందని తేల్చారు. దీన్నే భౌగోళిక పేదరిక ఉచ్చు అంటారు. మీ పాప చదువుతానంటున్నది ఇదేనండీ.

అలాగని కొండల్లో పుడితే తలరాత అంతే అనుకోకూడదు. కోనసీమ సంగతే చూడండి. గోదావరి పక్కనే పారుతున్నా పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఆ ప్రాంతంలో కరువులకు జనం చచ్చిపోయారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలు వచ్చాక అదే నేల అన్నపూర్ణ అయింది. నది మారలేదు, మనిషి చేసిన ఏర్పాటు మారింది.

ఏర్పాటులో ఎక్కడ మెలిక పడుతుందో పట్టుకోవడమే ఈ చదువులో అసలు పని. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000లో మొదలైంది. మైదానంలో 500, గిరిజన, కొండ ప్రాంతాల్లో 250 జనాభా ఉన్న ఊళ్లకి రోడ్డు అన్నారు. మన ఏజెన్సీలో పాతిక ఇళ్ల గూడేలు బోలెడు. 250 ఎక్కడ దాటుతాయి? అయితే కొండ ప్రాంతాల్లో ఒకటిన్నర కిలోమీటర్ల కాలిబాట లోపలి గూడేల్ని కలిపి ఒక్కటిగా లెక్కపెట్టే వీలు కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. ఏ గూడేన్ని దేనితో కలిపితే లెక్కకి వస్తుందో చెప్పాలంటే మ్యాపు కావాలి, కాలిబాట దూరం కావాలి, నడిచి చూసిన మనిషి కావాలి. కంప్యూటర్లు చదివిన మీ అమ్మాయి ఆ పనికి సగం సిద్ధంగా ఉన్నట్టే.

ఇక ఉద్యోగం. ఉన్న మాట చెప్తాను. "జాగ్రఫీ చదివినవాళ్లు కావలెను" అని పేపర్లో ప్రకటనలు రావు. మ్యాపులు, ఉపగ్రహ చిత్రాలు చూసే జీఐఎస్ పనుల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, ప్రభుత్వ పథకాల ప్రాజెక్టుల్లో ఉద్యోగాలుంటాయి, చాలావరకు కాంట్రాక్టువి. మొదటి రెండు మూడేళ్లు జీతం తన క్లాసులోని సాఫ్ట్‌వేర్ పిల్లల కంటే తక్కువే వస్తుంది. కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష నెట్ రాస్తే ఆ ఉద్యోగాలకి దారి ఉంది. సివిల్స్‌లో జాగ్రఫీ ఆప్షనల్‌గా తీసుకునేవాళ్లు ఎప్పుడూ ఎక్కువే. ఒట్టి జాగ్రఫీ పట్టా పట్టుకుని వచ్చిన పిల్లలు ఇబ్బంది పడటం చూశాను. దానితోపాటు జీఐఎస్, గణాంకాలు వచ్చినవాళ్లు ఖాళీగా లేరు. అందుకని ఆ రెండూ లేకుండా పీజీకి పంపకండి.

ఆంధ్రా యూనివర్సిటీలో జాగ్రఫీ విభాగం ఇంటికి దగ్గర, అక్కడికి పీజీసెట్ రాయాలి. సెంట్రల్ యూనివర్సిటీలకి, టిస్‌కి (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష. కంప్యూటర్స్ డిగ్రీతో ఎక్కడెక్కడ అర్హత ఉందో ఏటా నోటిఫికేషన్‌లో చూసుకోండి, అన్ని చోట్లా ఒకటే నిబంధన ఉండదు. డెహ్రాడూన్‌లోని ఇస్రో సంస్థ ఐఐఆర్‌ఎస్, రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహాలతో నేలని పరిశీలించడం) మీద ఉచితంగా ఆన్‌లైన్ కోర్సులు నడుపుతుంది, అవి ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. పాడేరు, అరకు వైపు పని చేయాలనుంటే ఆదివాసీ ఒడియా నేర్చుకోమనండి. చాలా గూడేల్లో వేర్వేరు తెగలవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునేది అందులోనే, ఉత్త తెలుగుతో వెళ్తే సగం సంగతులు చెవిన పడవు.

బ్యాంకు కోచింగ్ డబ్బు వృథా అనుకోకండి. అక్కడ నేర్పే లెక్కలు ఏ పోటీ పరీక్షకైనా పనికొస్తాయి. పరీక్షలయ్యేదాకా వెళ్లనివ్వండి.

పాపది తాత్కాలిక మోజా, నిజమైన ఆసక్తా అన్నది మీకు తేలాలి కదా. క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ఇస్రో వాళ్ల భువన్ పోర్టల్‌లో ఉపగ్రహ చిత్రాలు చూడొచ్చు. తను క్యాంపుకి వెళ్లిన ఊరి మ్యాపు సొంతంగా గీయమనండి. నెలరోజులు గడువివ్వండి. గీశాక పక్కన కూర్చోండి. ఆఖరి ఇంటి నుంచి బడికి ఎంత దూరం, నీళ్లకి ఎంత దూరం, సంతకి ఎంత దూరం అని ఒక్కొక్కటీ వేలుపెట్టి చూపించమని అడగండి.