దొరికిన పర్సు గల్లాపెట్టెలో కలపకు

చిరంజీవి రాముకు ఆశీస్సులు.

కౌంటరు మీద ఎవరో మరచిపోయిన పర్సు పది రోజులైనా ఎవరూ అడగలేదు, ఇక మనదేనా అని రాశావు. కాదు నాన్నా. ఇన్నాళ్లు ఉంచుకుంటే నీదేననే గడువు చట్టంలో లేదు.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 71వ సెక్షన్ ప్రకారం, దొరికినదాన్ని నువ్వు తీసి దాచావంటే అది ఒకరు నీకు అప్పగించిన సొత్తుతో సమానం. తిరిగిద్దామని దాచడం తప్పు కాదు. యజమానిని తెలుసుకునే వీలున్నా వెతక్కుండా వాడుకుంటే భారతీయ న్యాయ సంహిత అనే నేరాల చట్టం 314వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ల దాకా జైలు, జరిమానా కూడా. పర్సులో ఆధార్ కార్డు ఉంటే 'ఎవరిదో తెలియదు' అన్న మాట నిలవదు.

ఒక నోటుబుక్కు పెట్టు. తేదీ, వేళ, ఎక్కడ దొరికింది, ఎవరు చూశారు, లోపల ఏమున్నాయి అన్నీ రాయి. డబ్బు ఇద్దరి ఎదుట లెక్కపెట్టి, కవరులో పెట్టి అంటించి, మీద ముగ్గురూ సంతకాలు చేయండి. గల్లాలో కలిసిందంటే వాడుకోలేదని రుజువు చేయడం కష్టం. బయట 'పర్సు దొరికింది' అని మాత్రమే బోర్డు పెట్టు. రంగు, మొత్తం రాయకు. అడగొచ్చినవాళ్లనే చెప్పనివ్వు, సరిపోతే సంతకం, ఫోన్ నంబరు తీసుకుని ఇవ్వు.

ఫోన్ దొరికితే ఆపేయకు, సిమ్ తీయకు. ఛార్జింగులో పెడితే పోగొట్టుకున్నవాళ్లే ఫోన్ చేస్తారు. బ్యాంకు కార్డయితే వెనక ఉన్న నంబరుకు చెప్పు. బంగారం మాత్రం కొట్లో ఒక్క రాత్రి కూడా వద్దు, స్టేషన్‌లో అప్పగించి రాతపూర్వకంగా రసీదు తీసుకో.

కొనడానికొచ్చినవాళ్లకు నేల మీద ఏదైనా దొరికితే, కొట్టు నాదని లాక్కోకు. 1851లో లండన్‌లో ఇలాంటి కేసులోనే, అసలు యజమాని రానంతవరకు కొట్టువాడికంటే దొరికినవాడికే హక్కు ఎక్కువని కోర్టు తేల్చింది. వాళ్లు నీకు అప్పగించి వెళితే పేరు, నంబరు రాసుకో.

పడ్డ శ్రమకు కూలి ఇమ్మని దావా వేయలేవు. బహుమానం ఇస్తామని వాళ్లే ప్రకటించి ఉంటే అడగొచ్చు.

సీసీ కెమెరా పాత రికార్డింగు మీద కొత్తది పడిపోతుంటుంది. ఆ పర్సు మరచిన రోజుది ఇంకా ఉంటే ఈ రాత్రికే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించు. రేపు పొద్దున్నే పర్సు పట్టుకుని స్టేషన్‌కు వెళ్లు.

మీ పెదనాన్న