హాస్టల్ గదిలో చిన్న పీసీ: ఓవర్‌క్లాకింగ్ ఈసీఈ చదువుకు పనికొస్తుందా?

ప్రశ్న: గుంటూరు దగ్గర కాలేజీలో ఈసీఈ రెండో సంవత్సరం చదువుతున్నాను సార్. హాస్టల్ టేబుల్ మీద పట్టే చిన్న పీసీ సొంతంగా బిగించుకుని ఓవర్‌క్లాకింగ్ నేర్చుకోవాలని ఉంది. ఏ మదర్‌బోర్డు చూడాలి? ఇదంతా ఆటల పిచ్చి, ఉద్యోగానికి పనికిరాదని నాన్నగారు అంటున్నారు. నిజమేనా?

జవాబు: ఓవర్‌క్లాకింగ్ అంటే ప్రాసెసర్‌ను, ర్యామ్‌ను కంపెనీ నిర్ణయించిన దానికన్నా ఎక్కువ వేగంతో నడపడం. అది బెంచ్‌మార్క్ (వేగం కొలిచే పరీక్ష) స్కోరు కోసమే అయితే మీ నాన్నగారి మాటే నిజం. బోర్డు మీద కరెంటు ఎలా పారుతోందో, వేడి ఎక్కడ పుడుతోందో తెలుసుకోవడానికైతే మాత్రం ఇది మీ సిలబస్‌లోని పాఠమే. బోర్డును కూడా ఆ దృష్టితోనే ఎంచుకోండి.

ముందు చిప్‌సెట్ (ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే, బోర్డు మీది చిప్) చూడండి, చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ఇంటెల్‌లో పేరు చివర 'కె' ఉన్న ప్రాసెసర్, జెడ్ వరుస చిప్‌సెట్ రెండూ ఉంటేనే మల్టిప్లయర్ (ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే గుణకం) మార్చగలరు. బి760 బోర్డులో ర్యామ్ వేగం పెంచుకోవచ్చు, ప్రాసెసర్‌ది కుదరదు. ఏఎమ్‌డీలో బి650 సరిపోతుంది, ఏ620 మాత్రం వద్దు. విద్యార్థి బడ్జెట్‌కు నేను బి650 బోర్డు, రైజెన్ 5 7600 జోడీనే చెబుతాను.

చిన్న పీసీలకు వాడే మదర్‌బోర్డు కొలత మినీ ఐటీఎక్స్. ఇది 170 మిల్లీమీటర్ల చదరం, 2001లో వయా సంస్థ తెచ్చింది. అంత చోటులో అసలు పరీక్ష వీఆర్‌ఎమ్‌కే (వోల్టేజీ రెగ్యులేటర్ మాడ్యూల్). పవర్ సప్లై ఇచ్చే 12 వోల్టులను ప్రాసెసర్‌కు కావలసిన 1.2 వోల్టుల దరిదాపులకు దించేది అదే. పుస్తకంలో మీరు చూసే బక్ కన్వర్టరే, ఇక్కడ కొన్ని ఫేజులుగా పక్కపక్కన పనిచేస్తుంది. రైజెన్ 9 7950ఎక్స్ లాంటి ప్రాసెసర్‌కు సాకెట్ పరిమితి 230 వాట్లు. 1.2 వోల్టుల దగ్గర లెక్క వేయండి, 190 ఆంపియర్లు దాటుతుంది. స్విచింగ్ వల్ల పుట్టే వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, ఫ్రీక్వెన్సీ మార్చకుండా 1.2ను 1.3 చేసినా అది 17 శాతం ఎక్కువవుతుంది. అందుకే పెట్టె మీద రాసిన ఫేజుల సంఖ్య ఒక్కటే చూసి కొనకండి. ఒక్కో పవర్ స్టేజ్ ఎన్ని ఆంపియర్లు మోయగలదో, దాని మీది హీట్‌సింక్ ఎంత దిట్టంగా ఉందో చూడండి. గాలిని కిందికి ఊదే పొట్టి కూలర్ పెడితే వీఆర్‌ఎమ్‌కూ ఆ గాలి తగులుతుంది. చాలా లిక్విడ్ కూలర్లతో ఆ లాభం ఉండదు.

ఇంకో చిన్న విషయం. సెట్టింగు బెడిసికొడితే సీమాస్ క్లియర్ చేయాలి, అంటే బోర్డులో దాచిన సెట్టింగులు చెరిపి మొదటికి తేవాలి. ఇరుకు క్యాబినెట్‌లో దానికి వాడే జంపర్ (బోర్డు మీది చిన్న పిన్నులు) గ్రాఫిక్స్ కార్డు చాటున ఉంటే ప్రతిసారీ అంతా విప్పాల్సిందే. వెనకవైపు బటన్ ఉన్న బోర్డు ఈ బాధ తప్పిస్తుంది.

మినీ ఐటీఎక్స్ బోర్డులో ర్యామ్ స్లాట్లు రెండే ఉండటం లోపమనుకోకండి. చానెల్‌కు (ర్యామ్‌కు, ప్రాసెసర్‌కు మధ్య దారి) ఒకే స్లాట్ ఉంటే సిగ్నల్ దారి పొట్టిగా, శుభ్రంగా ఉంటుంది. ర్యామ్‌ను ఎక్కువ వేగంతో నడపాలనుకునే వాళ్లు రెండు స్లాట్ల బోర్డులు వెతికేది అందుకే. ట్రాన్స్‌మిషన్ లైన్ల పాఠంలోని రిఫ్లెక్షన్ అంటే ఏమిటో ఇక్కడ కళ్లారా తెలుస్తుంది.

ఇక ఉద్యోగం. ఏఎమ్‌డీ, ఇంటెల్, క్వాల్‌కామ్, మైక్రాన్‌లకు హైదరాబాద్‌లోనే కేంద్రాలున్నాయి. ఈ రంగంలో పోస్ట్ సిలికాన్ వ్యాలిడేషన్ (తయారైన చిప్‌ను పరీక్షించడం), బోర్డు డిజైన్, సిగ్నల్ ఇంటెగ్రిటీ (సిగ్నల్ చెడకుండా చూడటం), పవర్ ఇంటెగ్రిటీ (కరెంటు సరఫరా నిలకడగా ఉంచడం) అనే పనులున్నాయి. వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ, ఉష్ణోగ్రతలు మార్చుతూ చిప్ ఎక్కడ తడబడుతుందో పట్టుకోవడం వ్యాలిడేషన్‌లో పెద్ద భాగం. మీరు గదిలో చేయబోయేది దానికి చిన్న నమూనా, కాకపోతే రాసి పెట్టుకుంటేనే. ప్రతి సెట్టింగుకూ వోల్టేజీ, ఉష్ణోగ్రత, గది వేడి, ఎర్రర్లు నమోదు చేసి పైథాన్‌లో గ్రాఫ్ గీయండి. గుంటూరు ఎండలు మీకు తెలియనివి కావు. డిసెంబరులో నిలకడగా నడిచిన సెట్టింగు మే నెలలో క్రాష్ కావచ్చు, ఎందుకో వివరించగలిగితే ఇంటర్వ్యూలో మాట్లాడటానికి మీ దగ్గర సొంత సరుకు ఉన్నట్టే.

మొదట వోల్టేజీ పెంచకండి, ఏఎమ్‌డీ బోర్డు సెట్టింగుల్లో ఉండే కర్వ్ ఆప్టిమైజర్‌తో తగ్గించి చూడండి. ఓవర్‌క్లాకింగ్ వల్ల ప్రాసెసర్ పాడైతే వారంటీ వర్తించదని నాన్నగారికి ముందే చెప్పండి. నెట్‌వర్క్స్, ఎనలాగ్, ఎలక్ట్రోమ్యాగ్నెటిక్స్ సబ్జెక్టుల్లో బ్యాక్‌లాగ్ ఉంటే కొనుగోలు వచ్చే సెమిస్టరుకు వాయిదా వేయండి. ఇంటర్వ్యూలో మొదట అడిగేది వాటినే.

డబ్బు బిగుతుగా ఉంటే 244 మిల్లీమీటర్ల మైక్రో ఏటీఎక్స్ బోర్డు తీసుకోండి. అదే చిప్‌సెట్ సాధారణంగా తక్కువ ధరకు దొరుకుతుంది. మిగిలిన డబ్బుతో మంచి మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్ కొనుక్కుని, ఉచితంగా దొరికే బోర్డు డిజైన్ సాఫ్ట్‌వేర్ కీక్యాడ్ (KiCad)లో ఒక చిన్న బక్ కన్వర్టర్ బోర్డు మీరే గీసి చేయించండి.